ఎస్తేరు మేడం జరిపిన కుర్చీ

నిన్న సాయంత్రం హైస్కూలు గ్రౌండు పక్క నుంచి ఇంటికి వస్తుంటే తడి మట్టి మీద సున్నం చల్లిన వాసన తగిలింది. పిల్లల ఆటల పోటీల కోసం ఎవరో గీతలు గీస్తున్నారు. ఎండిన నేల మీద ముందు నీళ్ళు చిలకరించి, కొంచెం ఆరాక సున్నం పోస్తే వచ్చే ఆ వాసన, కొత్తగా వెల్ల వేసిన గది తలుపు తీసినట్టు చల్లగా ఉంటుంది. చేతిలో కూరగాయల సంచితో అక్కడే కాసేపు నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఎస్తేరు మేడం గుర్తుకు రాకుండా ఉండరు. ఎన్ని ఆదివారాలు ఆమె పక్కన వంగి, చీర అంచుకు సున్నం పూసుకుంటూ ఆ గీతలు గీశానో. గీత కొంచెం పక్కకు పోతే చాలు, ఆమె కాలితో తుడిచేసి మళ్ళీ గీయించేవారు.

ఎస్తేరు మేడం మా దేవరకొండలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఇంటి వరుసలోనే, గల్లీ మలుపు దగ్గర ఉండేవారు. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుని, నేత చీర చీలమండల పైకి కట్టుకుని, కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవారు. చీర మీద బూట్లేమిటని నవ్వే వాళ్ళు నవ్వేవారు. గ్రౌండులో పిల్లలను పిలిచి పిలిచి అలవాటైన గొంతు కావడంతో, ఆమె ఇంట్లో ఉప్పు తక్కువైందంటే గల్లీ అంతటికీ తెలిసేది. ఆమె భర్త ప్రకాశం సార్ ఆర్టీసీ బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. గేటు పక్కన ఇనుప కుర్చీ వేసుకుని పొద్దున పేపరుతో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేవాడు.

నా పుట్టినూరు నకిరేకల్ దగ్గర. పెళ్ళయి దేవరకొండ వచ్చాను. మా ఆయనది కిరాణా దుకాణం. నేను చెప్పబోయేది తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలోని సంగతి. రెండో కాన్పు తరువాత నాకు బాగా ఒళ్ళు వచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయని దవాఖానకు పోతే డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, "షుగరు ఇంకా రాలేదమ్మా, గడప దాకా వచ్చి నిలబడ్డది. దినాం నడువు," అంది. ఆమె మామూలుగానే చెప్పింది గానీ నాకు భయమేసింది. మా బాపుకు షుగరు ముదిరి ముందు కాలి వేలు తీశారు, తరువాత పాదం తీశారు, ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. మంచం మీద దుప్పటి కింద ఒకవైపు ఖాళీగా ఉన్న ఆ చోటు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది.

నడవాలని నిశ్చయించుకున్నాను. కానీ ఎక్కడ నడవాలి? మా దగ్గర ఆడమనిషి బజారులో కనిపిస్తే ఏదో పని మీదే పోతుండాలి. నీళ్ళకో, పిండి గిర్నీకో, బడికో, గుడికో. ఊరికే నడుస్తున్న ఆడదాన్ని చూస్తే ఎవరికైనా ఏదో జరిగిందనిపిస్తుంది. మొదటి రోజే ముగ్గురు ఆపి, "ఏడికి పోతున్నవ్ లలితా? ఇంట్ల అంత మంచేనా?" అని అడిగారు. దాంతో నేనొక ఉపాయం చేశాను. మరునాటి నుంచి పాల క్యాను ఒకటి చేతిలో పట్టుకుని బయలుదేరేదాన్ని. పాలకు పోతున్నానని అనుకుంటారని, ఆ ఖాళీ క్యాను ఊపుకుంటూ మూడు గల్లీలు చుట్టి వచ్చేదాన్ని.

ఒక పొద్దున గేటు ముందు నీళ్ళు చల్లుతున్న ఎస్తేరు మేడం నన్ను ఆపారు. "బిడ్డా, నువ్వు ఇప్పటికి రెండుసార్లు ఇటుకెల్లి పోయినవ్. క్యాన్ల పాలు పడుతలెవ్వేంది?"

నాకు అబద్ధం తోచలేదు. తల వంచుకుని, "నడవమన్నరు మేడం, షుగరొస్తదని," అన్నాను.

ఆమె నవ్వలేదు. నా చేతిలోని క్యాను తీసుకుని లోపల పెట్టారు. "గిది మా ఇంట్ల ఉండనీయి. రేపు చేతులు ఊపుకుంట రా. నేను గూడ వస్త."

"అందరడుగుతరు మేడం, ఏడికని."

"అడిగితె చెప్పు. ఉత్తగనే నడుస్తున్న అని."

ఆ ఒక్క మాట అనడానికి నాకు చాలా రోజులు పట్టింది. పక్కన మేడం ఉన్నా సరే, ఎవరైనా అడిగితే చూపు తిప్పుకుని అడుగు వేగం పెంచేదాన్ని. ఆమె మాత్రం గట్టిగా, "ఉత్తగనే. నువ్వు గూడ రారాదు," అనేవారు. అలా అడిగిన వాళ్ళనే పట్టుకుని వెంట తెచ్చేవారు. ఆరోగ్యం, బీపీ, షుగరు అనే మాటలు ఆమె నోట నేను వినలేదు. కూతురి పెళ్ళి చేసి ఇల్లు చిన్నబోయిన ఒకామెతో, "ఒక్కదాన్నే పోతుంటె మాట్లాడనీకి ఎవరు లేరు, జర తోడు రా," అన్నారు. కుక్కలంటే భయపడే ఇంకొకామెతో, "నా చేతుల కట్టె ఉన్నది, నా ఎనక నడువు," అన్నారు. చలికాలం వచ్చేసరికి పొద్దున మా గల్లీలో ఆడవాళ్ళ మాటలకే కోళ్ళు లేచేవి. ఆమె మాట చెల్లనిది ఒక్క ప్రకాశం సార్ దగ్గరే. మేం గేటు దాటుతుంటే ఆయన పేపరు మీంచి చూసి, "పోయిరండ్రి. నేను దేశమంత తిరిగిన. కూసోనే తిరిగిన," అనేవాడు. మేడం వెనక్కి తిరిగి చూసేవారు కూడా కాదు. "అందరు మన మాట వినరు బిడ్డా. వినకుంటె కోపానికొద్దు. మనం పోదాం నడువు," అనేవారు.

మా గల్లీ చివర యాదమ్మ అని ఉండేది. ఇండ్ల కట్టుబడిలో కూలిపని చేసేది. ఒక రోజు మేడం ఆమెను కూడా పిలిచారు. యాదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "పొద్దంత ఇటుకలు మోస్త, ఇసుక మోస్త. నాకు మళ్ళ నడుసుడెందుకు మేడం? మీ అసొంటోళ్ళకు గావాలె గని," అంది. నాకు సిగ్గేసింది. మేడం మాత్రం, "నువ్వన్నది నిజమే. నీకు నడక ఒద్దు. నువ్వు ఆదివారం గ్రౌండుకు ఆడనీకి రా," అన్నారు.

"ఆడుడా? నేనా?"

"చిన్నప్పుడు ఏమాడినవ్?"

"ఏడ ఆడిన మేడం. గొర్ల ఎంబడి తిరిగిన."

"మరి గింకెప్పుడు ఆడుతవ్?" అన్నారు మేడం.

యాదమ్మ ఇంట్లోకి పోయింది. కానీ ఆదివారం సాయంత్రం, మేడం చర్చి నుంచి వచ్చి భోజనం చేసి గ్రౌండుకు పోయేసరికి, స్కూలు మెట్ల మీద తల దువ్వుకుని కూర్చుని ఉంది. అలా మొదలైంది మా ఖోఖో. ముప్పై ఏళ్ళ వాళ్ళం, యాభై ఏళ్ళ వాళ్ళం, చీరలు మోకాళ్ళ దాకా దోపుకుని వరుసగా గొంతుక్కూర్చున్నాం. సగం మందిమి కూర్చుంటే లేవలేకపోయాం. ఒకామె వెనక్కి వాలి పడి, లేవకుండా అక్కడే నవ్వుతూ పడుకుంది. యాదమ్మ మాత్రం గొర్రె పిల్లను దొరకబుచ్చుకున్నట్టు మలుపు తిరిగి మమ్మల్నందరినీ అంటేసింది. ఆట అయిపోయాక చెమట తుడుచుకుంటూ, "గిది పనిలెక్క లేదు మేడం. అలుపొచ్చింది గని పానం తేలికైంది," అంది. పని చేసిన ఒళ్ళు వేరు, ఆడిన ఒళ్ళు వేరు అని నేను తెలుసుకున్నది ఆమె మాట విన్నాకే.

ఇదంతా మా అత్తమ్మకు నచ్చేది కాదు. మా అత్తమ్మ బాలమ్మ ఎండలో, వానలో సేద్యం చేసిన మనిషి. దుకాణం పెట్టడానికి ముందు వాళ్ళకు మెట్ట చెలక ఉండేది. "ఆముదాల చేన్ల పొద్దు మూకేదాక వంగి కలుపు తీసిన. ఒక్కదినమన్న గిట్ల బజార్ల చేతులూపుకుంట నడిచిన్నా? గ్రౌండ్ల ఉరుకుడేంది, మొగపిల్లలు చూసి నవ్వరా?" అనేది. పిల్లలు నవ్వేది నిజమే. క్రికెట్ ఆడే కుర్రవాళ్ళు మొదట్లో మమ్మల్ని చూసి ఈలలు వేశారు. మేడం వాళ్ళను పిలిచి వరుసలో కూర్చోబెట్టి ఆడించారు. అరగంటకు తొడలు పట్టేసి కుంటుకుంటూ పోయారు, మళ్ళీ ఈల వినిపించలేదు. కానీ మా అత్తమ్మను వరుసలో కూర్చోబెట్టగల వాళ్ళు ఊళ్ళో లేరు. మేడం మా ఇంటికి వచ్చినప్పుడు ఛాయ్ ఇచ్చేది, మర్యాదగా మాట్లాడేది, ఆమె పోయాక నా వైపు చూసి మూతి తిప్పేది.

మరుసటి ఎండాకాలం అత్తమ్మ బట్టలు ఉతికిన చోట సబ్బు నీళ్ళ మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. హైదరాబాదు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాం. ఎముక సరిగ్గా బిగించామని, ఇక వాకర్ పట్టుకుని రోజూ నడిపించమని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చిన రోజు మంచం ఎక్కిన అత్తమ్మ మళ్ళీ కాలు నేల మీద పెట్టలేదు. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు. నేను చేతులు పట్టుకుని లేపబోతే నా చెయ్యి విదిలించేసింది. "నన్ను గిట్లనే ఉండనీయుండ్రి. నేనేం అడుగుతున్న మిమ్ముల? ఇంత బువ్వ పెట్టుండ్రి, సాలు," అని గోడవైపు తిరిగి పడుకునేది. పొలంలో మగవాళ్ళతో సమానంగా నడిచిన మనిషి, పక్కగదిలోకి పోవడానికి వణికిపోయేది. కాళ్ళ కండ రోజురోజుకూ కరిగిపోతుంటే దుప్పటి కింద ఆ కాళ్ళ ఆకారం చూసి నాకు బాపు గుర్తొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం వంటింట్లో నిలబడి ఏడ్చాను.

మేడం రావడం మొదలుపెట్టారు. వచ్చినా నడక ఊసు ఎత్తేవారు కాదు. మంచం పక్కన కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పేవారు. అత్తమ్మ మొదట ఊఁ కూడా కొట్టేది కాదు. ఒక రోజు మేడం తల పట్టుకుని, "ఏం జెయ్యాల్నో తెలుస్తలేదక్కా," అన్నారు. "ఆదివారం ఆదివారం లొల్లి. అంటిన అని యాదమ్మ అంటది. అంటలేదని నీ కోడలంటది. నేను తీర్పు చెప్తె, నా దిక్కోళ్ళని గెలిపిస్తున్ననంటరు. మాకొక ఎంపైర్ గావాలె. ఎవ్వరి మొకం చూడని మనిషి."

అత్తమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "నాకా ఆట తెల్వదు."

"ఆట నేను చెప్త. తప్పు చేస్తె కనవడుతదా నీకు?"

"తప్పు నాకు ఏడున్నా కనవడుతది," అంది అత్తమ్మ.

అది నిజమని నాకు పెళ్ళయిన నాటి నుంచీ తెలుసు.

ఆ ఆదివారం మేడం ఆటో మాట్లాడి తెచ్చారు. అత్తమ్మను మా ఆయన ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. కూర్చోవడానికి ఎత్తైన గట్టి కుర్చీ కావాలి కనుక ప్రకాశం సార్ ఇనుప కుర్చీ కూడా ఆటో ఎక్కింది. "నా కుర్చీ గుంజుకపోతె నేనేడ కూసోవాలె?" అని ఆయన గొణిగి, గొణిగి, చివరికి కుర్చీతో పాటే ఆటోలో డ్రైవరు పక్కన సర్దుకుని వచ్చేశాడు. గ్రౌండు గేటు లోపలే కుర్చీ వేసి అత్తమ్మను కూర్చోబెట్టి మెడలో ఈల వేశారు మేడం. ఆ రోజు అత్తమ్మ మొదటి తీర్పు నాకు వ్యతిరేకంగానే ఇచ్చింది. "నా కోడలు ఔట్. నేను చూసిన. గీత దాటింది," అని ఈల ఊది, నేను కాదంటే ఇంకోసారి ఊదింది. ఇంటికి పోయాక ఆ రాత్రి ఆకలిగా ఉందని అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. ఆపరేషన్ తరువాత ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు.

మరుసటి వారం కుర్చీ గేటుకు కొంచెం లోపలగా ఉంది. ఆటో గేటు దగ్గరే ఆగింది. "ఇక్కడికెల్లి గీతలు కనవడయ్ అక్కా, జర ముందుకు జరిపిన," అన్నారు మేడం. వాకర్ పట్టుకుని, మేం చెరోపక్క ఉండగా, అత్తమ్మ ఆ కాస్త దూరం తిట్టుకుంటూ నడిచింది. అలా వారం వారం ఆ కుర్చీ వేప చెట్టు నీడకని ఒకసారి, ఎండ కంట్లో పడుతుందని ఒకసారి, ఏదో ఒక వంకతో లోపలికి జరుగుతూ పోయింది. ఒక సాయంత్రం సగం దారిలో వాకర్ కాలు చిన్న గుంతలో దిగబడింది. అత్తమ్మ పడలేదు గానీ అక్కడే బిగుసుకుపోయింది. "లలితా, పడతనే, పట్టుకో," అని ఏడుపు గొంతుతో అంది. అందరం ఉరికాం. మేడం చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపేశారు. తానొక్కరే పోయి ఆమె పక్కన నిలబడ్డారు. ముట్టుకోలేదు.

"పడవక్కా. రెండు కాళ్ళు నేల మీదనే ఉన్నయి. తొందరేం లేదు, ఇక్కడనే నిలవడదాం. నాక్కూడ అలుపొచ్చింది," అన్నారు.

ఇద్దరూ గ్రౌండు నడుమ అలాగే నిలబడ్డారు. కాసేపటికి మేడం ఆముదాల చేను సంగతి అడగడం వినిపించింది. ఏ కార్తెలో విత్తేవారు, కలుపుకు ఎంతమంది వచ్చేవారు అని. అత్తమ్మ మొదట ముక్తసరిగా, తరువాత వివరంగా చెప్పింది. "మా సెల్లె గిట్లనే పడ్డది. మళ్ళ లేవలే. మంచంలనే పాయె," అని కూడా చెప్పింది. ఇన్ని నెలలు మాకెవరికీ చెప్పని మాట అది. మేడం, "నువ్వు లేచినవ్ గదక్కా. నిలవడి నాతోని మాట్లాడుతున్నవ్," అన్నారు. అత్తమ్మ వాకర్ ఎత్తి, గుంత తప్పించి ముందు పెట్టుకుని, కుర్చీ దాకా ఎవరినీ పట్టుకోకుండా పోయింది. ఆ రోజు మేం ఆట ఆడామో లేదో నాకు గుర్తు లేదు.

వానలు తగ్గే వేళకు కుర్చీ గ్రౌండు అవతలి అంచుకు చేరింది. ఒక ఆదివారం అత్తమ్మ చేతికర్రతో అక్కడిదాకా నడిచి, కూర్చుని, ఊపిరి పీల్చుకుని మేడం వైపు చూసింది. "టీచరమ్మా, నా కుర్చీ నువ్వు వారం వారం జరుపుతున్నవని నాకెర్కలేదనుకున్నవా?"

మేడం సున్నం గిన్నె కింద పెట్టి, "ఎర్కయి గూడ నడిచినవ్ గదక్కా," అన్నారు.

"మరి? నువ్వు మోసం చేస్తున్నవని ఈల ఊదాల్నా?" అంది అత్తమ్మ. అంత గంభీరంగా ఉండే ఎస్తేరు మేడం కడుపు పట్టుకుని నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రం అత్తమ్మ ఆటో వద్దని ఇంటికి మాతో నడిచి వచ్చింది. దారిలో ఎవరో, "ఏడికెల్లి వస్తున్నవ్ బాలమ్మా?" అని అడిగితే, "డ్యూటీ మీద పోయిన," అని చెప్పింది.

ఆ తరువాత కొన్నేళ్ళు మా ఆదివారాలు అలాగే సాగాయి. కరోనా కాలంలో గ్రౌండుకు తాళం పడితే మేడం మమ్మల్ని ఎవరి డాబాల మీద వాళ్ళను నిలబెట్టి, తన డాబా మీంచి కేకలు వేస్తూ చేతులు, కాళ్ళు ఆడించారు. ఆ గొంతుకు మైకు అవసరం లేకపోయింది. నా షుగరు గడప దగ్గరే ఉండిపోయింది, ఇప్పటికీ లోపలికి రాలేదు. చివరికి మేడంకే జబ్బు చేసింది. కడుపులో ఏదో ముదిరిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మంచం పట్టాక మేం రోజూ పోయేవాళ్ళం. ఆదివారం రాత్రి పోతే ముందు ఎవరు గెలిచారని అడిగేవారు. ఒకసారి, మీరు బాగుపడాలి మేడం అని నేను కళ్ళు తుడుచుకుంటే, "బాగనే ఆడిన బిడ్డా. నాకేం ఫికర్ లేదు," అని నా చెయ్యి నొక్కారు. ఆమెను సమాధుల తోటకు తీసుకుపోయిన రోజు గల్లీలోని ఆడవాళ్ళమంతా బండి వెనక నడిచాం. యాదమ్మ పని మానుకుని వచ్చింది. అత్తమ్మ కర్ర పట్టుకుని చివరిదాకా నడిచింది. ప్రకాశం సార్ ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఫోన్ చేసి, నడుస్తున్నారా సార్ అంటే, "గదొక్కటి అడగకు బిడ్డా," అంటాడు.

ఆదివారం గ్రౌండు బాధ్యత ఇప్పుడు నాది. ఆమె అంత గొంతు నాకు లేదు. ఆమెలా సూటిగా గీత గీయడం కూడా రాదు. కానీ ఎవరినీ భయపెట్టి కదిలించలేమని, మనిషి కాళ్ళ కంటే ముందు మనిషిని చూడాలని ఆమె దగ్గర నేర్చుకున్నది మాత్రం పోలేదు. పోయిన నెల నకిరేకల్ దగ్గరి మా ఊరికి పోయాను. పిల్లలు హాస్టళ్ళకు పోయినప్పటి నుంచి మా వదిన టీవీ ముందు నుంచి లేవడం లేదు. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. "చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది, నువ్వన్న చెప్పు," అన్నాడు మా అన్న. నేనేమీ చెప్పలేదు. సాయంత్రం వాకిట్లో ఇద్దరం కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తుంటే చిన్ననాటి మాటలు వచ్చాయి. తొక్కుడుబిళ్ళలో వాళ్ళ ఊళ్ళో తనను ఓడించిన వాళ్ళు లేరని వదిన అంది. నాకు గడులు సరిగ్గా గుర్తు లేవన్నాను. అబద్ధం కాదు, నిజంగానే గుర్తు లేవు. "గట్ల గాదు," అంటూ ఆమె లేచి, పొయ్యి దగ్గరి నుంచి బొగ్గు ముక్క తెచ్చి, గచ్చు మీద వంగి గడులు గీసింది. పగిలిన కుండ పెంకు ఒకటి ఏరి మొదటి గడిలో వేసింది. వాకిలి అవతల ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూసింది. నేను తల వంచుకుని కాయలు వలుస్తూనే ఉన్నాను. వదిన గోడ మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒంటికాలి మీద లేచింది.